బేసి పొర

కొండ కడుపులోంచి దీన్ని తెచ్చినవాడు హోకోన్,
తోరున్ తాత, క్నాబెన్ గనిలో పనివాడు.
సీసపు రంగు రాయి. ముట్టుకుంటే
కాటుకలా అంటుకుంటుంది.
అప్పట్లో దీన్ని ఉక్కులో కలిపేవారు,
ఫిరంగి గొట్టం వంగకూడదని.

ట్రోండ్‌హైమ్‌లో నవంబరు. మూడున్నరకే చీకటి.
నేలమాళిగ గదిలో తోరున్
రాతికి టేపు అంటించి లాగుతోంది,
మడిచి, అంటించి, మళ్ళీ లాగుతోంది.
ఉల్లిపొర అందామంటే
ఉల్లిపొర దీని ముందు కోటగోడ.
గంధకం, మాలిబ్డినం, గంధకం:
మూడు వరసల పరమాణువులు, ఇక లోతు లేదు.
సూక్ష్మదర్శిని కింద చూస్తే
అద్దం మీద ఎవరో ఊపిరి వదిలి వెళ్ళినట్టు
ఒక లేత మరక.

దాన్ని ప్లాస్టిక్ రేకు మీదికి దించి
రెండు అంచులకీ బంగారం పూసి
వంచింది, రవ్వంత.
తెరమీద గీత ఉలిక్కిపడి లేచింది.
వదిలింది. గీత అంతే వేగంగా బోర్లా పడింది.
ఆ పొరకి ఏ బ్యాటరీ కలపలేదు.
వంగడమే దాని మాట.

రెండో నమూనా పలకలేదు.
యోనాస్ వచ్చి తీగలు కదిపాడు, మెషీన్ ఆపి పెట్టాడు,
కాఫీ తాగొచ్చి మళ్ళీ వంచాడు.
సున్నా.
అప్పుడు లెక్కపెట్టారు: పొరలు రెండు.
ఒకటి కుడికి ఎంత తోస్తే
రెండోది ఎడమకి అంతా తోస్తుంది.
పాపం, రెండూ పనిచేస్తూనే ఉన్నాయి.
బయటికి చిల్లిగవ్వ రాదు.

తోరున్‌కి ఓ వంటింటి బల్ల గుర్తొచ్చింది.
గని మూసేశాక
తాత ఒక పక్క, గున్వోర్ బామ్మ ఒక పక్క,
మధ్య ఉడికిన బంగాళాదుంపల ఆవిరి.
చలికాలమంతా ఆ ఇంట్లో
పోట్లాట లేదు, మాటా లేదు.
తను వెళ్ళి కూచున్నప్పుడే
చెంచాల చప్పుడు కాస్త పెరిగేది.
ఇదంతా యోనాస్‌కి చెప్పలేదు.
నోటుపుస్తకంలో రాసింది: రెండు పొరలు, శూన్యం.

మూడు పొరలది పలికింది, కొంచెం బొంగురుగా.
మూడోది వచ్చి రాజీ కుదిర్చిందని కాదు,
దానికి జోడీ దొరకలేదు, అంతే.
ఇంకాస్త సాగదీసి లేజరు వేస్తే
దాని వెలుగులో ఎరుపు ముదురుతుంది.
అది రేపటి పని.

ట్రాములో కిటికీ పక్కన కూచుని
చేతి తొడుగు తీసి చూసుకుంది.
చూపుడువేలి గీతల్లో సన్నటి మెరుపు.
సబ్బుతో రెండుసార్లు కడిగిందే.
తాత మెడ ముడతల్లోనూ
ఈ నలుపే ఉండేది,
పెట్టెలో పడుకోబెట్టిన రోజు కూడా.