పాలక్యాను

కథ నాలుగు పేజీలే.
దానికి ముందు ఒక పేజీ నేపథ్యం రాయమన్నారు.
కుర్రాళ్లకు అర్థం కావాలట
ఫిన్లాండులో పద్దెనిమిదో సంవత్సరం అంటే ఏమిటో.

కథలో హిల్యా అనే ఆమె
పాలక్యాను పట్టుకుని ముళ్లకంచె దాకా నడుస్తుంది.
సాయంత్రానికి క్యాను ఖాళీగా తిరిగొస్తుంది.
లోపలున్న మొగుడు తాగాడో లేదో తెలీదు.
అంతే కథ.
ఎర్ర అన్న మాట లేదు, తెల్ల అన్న మాట లేదు.
మన్సిక్కి అనే ఆవు మంచులో నడిచిన జాడ మాత్రం
అర పేజీ ఉంది.

నేను తేదీలతో మొదలుపెట్టాను.
జనవరిలో తుపాకులు, ఏప్రిల్లో పట్నం పడిపోవడం,
ఎండాకాలమంతా శిబిరాలు,
పిండిలో చెట్టు బెరడు కలిపి కాల్చిన రొట్టె.
అంతా నిజమే.
ఒక్కటీ క్యాను మూతంత బరువు లేదు.

అందుకే కొర్పియార్వి వెళ్లాను.
చర్చి పుస్తకంలో ఆ వేసవివి రెండు పుటలు,
ఒకే చేతిరాత, జ్వరం, జ్వరం, జ్వరం.
పదిహేడో పేరు దగ్గర పాదిరీ సిరా అయిపోయినట్టుంది,
అక్కణ్ణించి పెన్సిలు.

వీధి ఒకటే, కొట్లు రెండు.
ఇటువాళ్లు అటు వెళ్లి చక్కెర కొనలేదు, యాభై ఏళ్లు.
ఇప్పుడు ఒకదాంట్లో టైర్లు అమ్ముతున్నారు.
ఇసుకగోతి దగ్గర రాయి పెట్టనివ్వలేదట చాన్నాళ్లు.
ఎవరో రాత్రిపూట బిర్చి మొక్కలు నాటిపోయారు.
వరసలో లేవు,
పడినవాళ్లు పడినట్టే ఉన్నాయి.

లెంపి గారికి తొంభై ఒకటి.
కథ చదివి వినిపించాను.
చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని
సాసర్లోంచి కాఫీ చప్పరిస్తూ వింది.
"ఆమె పేరు హిల్యా కాదు.
ఆవు పేరు మాత్రం సరిగ్గా రాశారు."
మళ్లీ కాఫీ వంపుకుని,
"ఆ పాలు తాగింది మా నాన్న" అంది.

కంచెకు ఇవతల తుపాకీతో నిలబడ్డవాడు.
పందొమ్మిదేళ్లు.
కాళ్లకు ఎవరివో, చనిపోయినవాడి బూట్లు.
"ఆకలి లోపలే కాదు, బయటా ఉండేది కదమ్మాయ్.
బతికినన్నాళ్లూ పాలు ముట్టలేదు.
వంటికి పడవనుకున్నాం.
పోయే ముందు రోజు చెప్పాడు, గ్లాసు పక్కకు నెట్టి."

బస్సులో నేపథ్యం మళ్లీ రాశాను.
తేదీలున్నాయి, బెరడు రొట్టె ఉంది,
రెండు కొట్లూ పట్టాయి.
ఆయన పట్టలేదు.

కథ చివరి పేజీ కింద
అచ్చువాళ్లు సగం తెల్లగా వదిలేశారు.
పుస్తకం తెరిచినప్పుడల్లా అక్కడ ఒక కుర్రాడు
అటూ ఇటూ చూసి
మూత తీస్తుంటాడు.