అణియం దీపం

బీచ్ రోడ్డు మీద కండెలు కాల్చేవాడు
బొగ్గులు విసురుతూ అంటాడు,
"సముద్రంలో ఇంకో ఊరుంది సార్, చూడండి."
ఊళ్లో దీపాలు వేసినచోట ఉంటాయి.
ఇవి తిరుగుతాయి,
గుంజకు కట్టిన దూడల్లా
రాత్రంతా లంగరు చుట్టూ.

నేను లాంచీ మీద చీటీలు రాసేవాణ్ణి.
ఉల్లిపాయల బస్తాలు, కేబేజీ, మంచినీళ్ళ డ్రమ్ములు,
ఒకసారి ఓ ముసలి కెప్టెను అడిగాడని ఏటికొప్పాక లక్కపిడతలు,
డాల్ఫిన్స్ నోస్ నీడ దాటించి
బెర్తు కోసం పడిగాపులు కాస్తున్న ఓడలకి అందించేవాళ్ళం.
డ్రైవరు గరికిన నూకన్నకి చదువు రాదు.
నా చీటీని తలకిందులుగా పట్టుకుని తలూపేవాడు.
దీపాల్ని మాత్రం కూడబలుక్కోకుండా చదివేవాడు.

"పైనున్నాది అణియం దీపం. కిందనున్నాది అమరం దీపం.
ఎటేపునించి సూసినా అగుపడాల, అదీ రూలు.
ఇప్పుడు సెప్పు, ఓడ మొకం ఎటేపున్నాది?"
యారాడ వైపు, అన్నాను.
"అయితే నీరు అటేపునించే వస్తన్నాది.
ఇంత ఇనుమూ,
లాగేదానికి వీపు సూపదు."

ఇంకోసారి అడక్కుండానే చెప్పాడు,
"ఎవుర్నీ రమ్మని కాదురా ఆ దీపం.
ఇక్కడున్నాను, గుద్దకుండా పో. అంతే."

పగలు దీపం బదులు
నల్లటి బంతి ఒకటి కట్టేవాళ్ళు.
దూరంనుంచి ఎప్పటికీ ఎగరని కాకి.

ఆ ఏడు నాగులచవితి వెళ్ళిన వారం
ఒక ఓడ చీటీలు ఆగిపోయాయి.
ఓనరు ఫోనెత్తడం మానేశాడట.
ఎవరో వచ్చి కోర్టు కాగితం అద్దానికి అంటించి పోయారు.
ఎనిమిది మంది మిగిలారు.
ముందు డెక్కు చీకటయింది.
తర్వాత గదుల కిటికీలు, ఒకటీ ఒకటీ.
ఫ్యాన్లు ఆపుకున్నారు, ఫ్రిజ్జు ఆపుకున్నారు.
ఒక రాత్రి అమరం కూడా.

నూకన్న ఇంజను తగ్గించి చాలాసేపు చూశాడు.
"ఒంటి దీపం," అన్నాడు.
"ఇంక మొకమేదో, వీపేదో..."
మిగతాది అనకుండా బీడీ నీళ్ళలోకి విసిరేశాడు.

మర్నాడు మేం పక్కకి చేరేసరికి
పైనుంచి తాడు మీద బకెట్ దిగింది.
ఖాళీది. శుభ్రంగా కడిగి ఉంది.
నూకన్న దాన్నిండా కానాగంతలు పోశాడు.
తర్వాత మా ట్యాంకులోంచి డీజిలు, డబ్బాతో.
నేను చీటీలో రాశాను:
ఉల్లిపాయలు, ఇరవై లీటర్లు.
సేటు సంతకం పెట్టేశాడు.

రెయిలింగు మీంచి వంటకుర్రాడు
విరిగిన హిందీలో అరిచాడు,
మేం ఒడ్డుకి కనబడుతున్నామా?
సింహాచలం కొండ మీదికి కూడా, అన్నాను.
నేనెప్పుడూ రాత్రిపూట ఆ కొండెక్కి చూడలేదు.

ఆ రాత్రి జాలారిపేటలో, ఒడ్డుకి లాగిన తెప్ప మీద
ఇద్దరం కూర్చున్నాం.
రెండు.
మొకం భీమిలి వైపు. నీరు మారింది.

మాఘంలో ఓ పొద్దున్న ఆ చోట నీళ్ళే ఉన్నాయి.
ఎవరు లాక్కెళ్ళారో, ఎనిమిది మందీ ఎక్కడ దిగారో
చీటీ లేదు.

కండెకి ఉప్పూ కారం పూసి, నిమ్మచెక్క రుద్ది ఇస్తున్నాడు.
డబ్బులు తియ్యడం మరిచిపోయాను.
దూరంగా ఒక ఓడ మెల్లగా తిరిగి తిరిగి
రెండు దీపాలూ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలిచాయి.
ఇటు చూస్తోందో,
అటు తిరిగి పడుకుందో.
నూకన్నయితే చెప్పేవాడు.