పావుగంట

కొల్లాపూర్ ఐస్ ఫ్యాక్టరీ గోడకు
ఒక ఇనుప డబ్బా, దానికో సీలు,
అద్దం వెనక ఆరుతూ వెలుగుతూ ఎర్ర చుక్క.
పదకొండేండ్ల సంది దాని ఎదురుంగ కూసున్న.
మనిషే అయితే ఈపాటికి వియ్యమందుకునేటోళ్లం.

మోటరు ఎత్తుకునేటప్పుడు ఒక్క గుంజు గుంజుతది,
లైట్లన్నీ కండ్లు మూసి తెరుస్తయి.
కొత్తల ఆ గుంజుడుకే భయపడేటోన్ని,
రాసుకుంటదేమో అని.
రాసుకోదు.
ఆ ఉలికిపాటును తీస్కపోయి
పదిహేను నిమిషాల మీద పలుచగ నెరుపుతది
కల్లంల వడ్లు నెరిపినట్టు.
పావుగంటల కాలిన యూనిట్లకు నాలుగింతలు,
అదీ దాని లెక్క.
మళ్ల సున్నా నుంచి ఇంకో పావుగంట.

ముప్పై దినాల నెలకు
రెండువేల ఎనిమిదివందల ఎనభై పావుగంటలు.
అందుల అన్నిటికంటే ఎత్తైంది
ఒక్కటే బయటికొస్తది ఒకటో తారీఖున.
మిగిలినవి ఎట్ల గడిచినయని
ఎవరూ అడగరు.

కాగితం మీద అరవై అని రాసిచ్చినం.
అరవై దాటకుండ చూసుడే నా కొలువు.
ఒక కంప్రెసర్ పండుకున్నంకనే ఇంకొకటి లేవాలె,
పంపు నడిస్తె క్రషర్ ఆగాలె,
ఇంట్ల ఒకటే చెప్పుల జత ఉన్న
అన్నదమ్ముల లెక్క.

ఆ దినం ఎనిమిది గంటలు కరెంటు లేదు.
గాలికి ఎక్కడో స్తంభాలు ఒరిగినయట.
సోమశిల నుంచి ఆటోలొచ్చి ఆగినయి,
బొచ్చెలు, రవ్వలు, ఒక పెద్ద వాలుగ.
గంపల మీద తడి గోనెలు కప్పి
బక్కమ్మ, కాశమ్మ, ఇంక ఆరుగురు
మెట్ల మీద కూసున్నరు.
ఎవరూ ఒక్క మాట అనలే.
బక్కమ్మ ఒక చేప మొప్ప ఎత్తి చూపిచ్చింది:
ఎరుపు వదులుతున్నది.
లోపల దిమ్మల కడుపుల ఇంకా నీళ్లే.

ఏడూ పదమూడుకు వచ్చింది కరెంటు.
రెండు కంప్రెసర్లు ఎత్తిన.
పంపు ఎత్తిన. క్రషర్ ఎత్తిన.
డబ్బా దిక్కు చూడలే.
చూసిన, అబద్ధమెందుకు.
ఎర్ర చుక్క గబగబ కొట్టుకుంటున్నది
ఉరికొచ్చినోని గుండె తీరు.
ఒకదాన్ని ఆపేటప్పటికి ఏడూ నలభై.
అటు కొంచెం ఇటు కొంచెం పోంగ
నడుమ ఒక నిండు పావుగంట
దాని చేతికి చిక్కింది.

ఒకటో తారీఖు అజ్మత్ వచ్చిండు.
బటన్ ఒత్తుకుంట ఒత్తుకుంట ఒక్కకాడ ఆగిండు.
"కుర్మన్నా, డెబ్బై ఎనిమిది!
ఈశ్వరయ్య సేటు ఊకుంటడా?"
ఊకోలే.
"ఇర్వై ఏడు నిమిషాలకు
నెలంత దండుగ కట్టాల్నారా?"
నేనేం చెప్త.
తీగెలు మోసేటోనికి
రోజూ ఎంత మోసినమన్నది కాదు,
ఎక్కువల ఎక్కువ ఎంత బరువు మీద పడతదో
అది తెల్వాలె.
మా అమ్మ గూడ అట్లనే చెప్పేది నా కోపం గురించి,
ఏడాదికి ఒక్కనాడు వచ్చేదాన్ని పట్టుకొని.

జీతంల కోసుకుంటనన్నడు, మూడు నెలలు.
సరే అన్న.

చెరిపేసే ముందు అజ్మత్‌ను అడిగిన,
ఒక్కసారి మళ్ల చూపియ్యవోయ్ అని.
డెబ్బై ఎనిమిది పాయింట్ నాలుగు.
ఆ పాయింట్ నాలుగు
బక్కమ్మ వాలుగ కోసమై ఉంటది,
మూడుసార్లు పోపిచ్చుకున్నది ఐసు.

బటన్ నొక్కిండు. సున్నాలు.
కొత్త సీలు బిగిచ్చి, తీగె కొస తెంపి
నా దిక్కు చూడకుండ బండెక్కిండు.
నేను రెండో కంప్రెసర్ ఆపి
మొదటిదాన్ని లేపిన.