కొక్కెం చప్పుడు

తిబిలీసీలో, కింద నది లేని వంతెన పక్కన
దుప్పటి పరిచి పాత సంచులు అమ్ముతాడు
ముసలి ఓటియా.

"ఎర్రది తీసుకో లమారా, నీ కోటుకి నప్పుతుంది."
నప్పుతుంది, నిజమే.
కానీ నా శ్రుతిమీట అందులో పట్టదు,
పిడి బయటికొచ్చి బాతుమెడలా
దారినపోయేవాళ్ళని చూస్తుంది.

నల్లదాంట్లో అన్నీ పడతాయి:
మీట, ఫెల్టు ముక్కలు, తీగచుట్ట,
మధ్యాహ్నానికి జున్నురొట్టె.
భుజాన వేసుకుంటే మాత్రం
ఎవరింటికో అప్పు వసూలుకి వెళ్తున్నట్టుంటాను.

ఇరవై రెండేళ్ళుగా
పియానోల కడుపుల్లో తల దూర్చినదాన్ని.
కళ్ళు మూసుకుని
ఒక్కో కొక్కెం తెరిచి మూశాను.
ఎర్రది కీచుమంది.
నల్లది మొద్దుగా దగ్గింది.

దుప్పటి చివర, పాత బూట్ల వెనక,
వానకి వెలిసిన గోధుమరంగుది
టక్.
పై అంతస్తులో ఎవరో
దీపం ఆర్పి పడుకున్నట్టు.

మీట పిడిదాకా దిగింది.
"లోపలి జేబు చిరిగిందమ్మా" అన్నాడు ఓటియా,
తనే చింపినట్టు తల దించుకుని.
కుట్టుకుంటాలే,
పియానో తీగ కంటే దారం మెత్తనిదేగా.

బేరమాడడం మర్చిపోయాను.
ఇంటికి నడుస్తూ ఆరుసార్లు తెరిచి మూశాను,
లోపల పెట్టడానికేమీ లేకుండానే.