సెప్టెంబరు ఏడు: ఏమీ జరగలేదు

లడ్లో ఊరి వారపత్రికలో
నాలుగో పేజీ అడుగున, చెవిటిమిషన్ల ప్రకటన పక్కన
అరచేయంత చోటు నాది.
"చరిత్రలో ఈ రోజు."
రాజుల పట్టాభిషేకాలు, ఓడల మునకలు,
ఎవరో మొదటిసారి ఈదిన సముద్రం,
ఎవరో చివరిసారి ఎక్కిన ఉరికంబం.
తేదీ అనే దండెం మీద
శతాబ్దాలను పక్కపక్కనే ఆరేయడం నా పని.

ఈ వారం వంతు ఏడో తేదీది.
మా ఎడిటరు మొరీన్ గిటిన్స్ కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి
"మన ఊరిదేదైనా వెయ్యి, సూ.
లండన్ గొడవ ఎవరిక్కావాలి" అంది.
(సువర్చల అనడానికి ఆవిడకి నోరు తిరగదు.)

అందుకని ఈ చలిగదిలో
చర్చి రిజిస్టరు ముందు కూర్చున్నాను.
తోలు అట్ట. తడిసిన గొర్రె వాసన.
పదిహేడు వందల యాభై రెండు.
సెప్టెంబరు రెండు, బుధవారం.
దాని కింద గీత లేదు, ఖాళీ లేదు,
సెప్టెంబరు పద్నాలుగు, గురువారం.

సూర్యుడికీ క్యాలెండరుకీ పొసగని లెక్కని
పార్లమెంటు కాగితం మీద సర్దేసింది.
పదకొండు రోజుల్ని
బెండకాయ ముచ్చిక కోసినట్టు కోసి పారేసింది.
మా రోజులు మాకివ్వండని జనం వీధిన పడ్డారంటారు.
అది కట్టుకథేనంటారు చదువుకున్నవాళ్లు.
ఈ పుటలో మాత్రం అరుపులేవీ లేవు.
ఒక గుమాస్తా చేతిరాత ఉంది.

ఒబడయా ప్రిచర్డ్ రాశాడు:
"చేతితొడుగులు కుట్టే తామస్ మీక్ భార్య హెస్టర్‌కి
రెండో తేదీ రాత్రి పదకొండు దాటాక ఆడపిల్ల.
పద్నాలుగో తేదీ, పన్నెండు కొట్టిన కాసేపటికి, మగపిల్లవాడు."
అంచున సన్నటి అక్షరాలు, సిరా వెలిసి:
"ఒకే కాన్పు. ఒకే రాత్రి. నేను తాగి లేను."

నవ్వాను, కింది అంతస్తు దాకా వినపడేట్టు.
తరువాత ఎందుకో ఆగిపోయింది నవ్వు.
మంత్రసాని చేతులు కనిపించాయి.
ఒక బిడ్డని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి
రెండో తల కోసం తడుముతున్న చేతులు.
ఆ వేళ్ల సందుల్లోంచే
పదకొండు రోజులు చప్పుడు లేకుండా జారిపోయాయి.
ఆవిడకి తెలీదు.
ఆవిడకి ఇంకాస్త వేడినీళ్లు కావాలి.

మాకిది కొత్త కాదులే ఒబడయా.
నిన్న తదియ అయితే ఇవాళ పంచమి,
మధ్యలో చవితి ఏ గోడ దూకిందో ఎవరూ అడగరు.
క్షయతిథి అని ఊరుకుంటాం.
లెక్క తగ్గితే నెలకి నెలే అరువు తెస్తాం.
పెళ్లికి పనికిరాదా నెల,
అద్దె కట్టడానికి మాత్రం పనికొస్తుంది.

నా పుట్టినరోజు జూన్ ఒకటి.
మండపేట బళ్లో పరంజ్యోతి మాస్టారు
కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందుతుందో లేదో చూసి
"అందింది, ఐదేళ్లు" అని రాసుకున్న తేదీ.
అసలు పుట్టింది పుబ్బ కార్తెలో,
ముసురు పట్టి కట్టెలు అంటుకోని ఏదో పూట.
అంటే బహుశా
ఈ పదకొండింట్లోనే ఒకటి.

పాస్‌పోర్టులో, డాక్టరు గది కంప్యూటర్లో
పుట్టని రోజునే పుట్టినదాన్ని నేను.
పుట్టిన రోజు ఎక్కడా రాసి లేదు.

కాలమ్ రాసి పంపాను:
"సెప్టెంబరు ఏడు, ఆ ఏడాది, లడ్లో. ఏమీ జరగలేదు.
ఎవరూ పుట్టలేదు. ఎవరూ పోలేదు.
ఎవరి పొయ్యి మీదా పాలు పొంగలేదు."

"ఇది వార్తెలా అవుతుంది?" అంది మొరీన్.
అయినా వేసింది.
చెవిటిమిషన్లవాళ్లు ఇంకో అంగుళం కొనుక్కున్నారట,
చోటు చాలక చివరి వాక్యం కోసేసింది.

మంత్రసాని ఉన్నది అందులోనే.