ఒక్కో రాయికి ఒక్కో కాగితం

కూర్చోండమ్మా. ముందే ఒక మాట:
ఇది నకిలీ వజ్రం కాదు.
దాని పేరూ దీని పేరూ ఎవరో కలిపేశారు,
మచ్చ మాత్రం దీనికే అంటింది.
ఇది జిర్కాన్.
భూమ్మీద మనుషులకి దొరికిన అతి పాత తునక
ఈ జాతిదేనట.
అంత వయసొచ్చీ
గాజుముక్కవా అని అడిగించుకుంటోంది.

మా సీమ పేరులోనే రత్నం ఉంది, రతనకిరి.
బోకియోలో నాన్న దిగిన గొయ్యి
ఆయన భుజాలంత వెడల్పు,
తాడిచెట్టంత లోతు.
గోడకి కాలివేళ్ళు పట్టే గుంటలు, అవే మెట్లు.
తవ్వే ముందు తంపువన్ ముసలాయన
కోడిని కోసి, జాడీ సారాయి నేలకి తాగించి
"లోపలికొస్తున్నాం, కోప్పడకు" అనేవాడు.
కొవ్వొత్తి కొండెక్కితే
మనిషి పైకెక్కాలి.
అమ్మ ఉతికిన చొక్కాలు
ఎన్ని నీళ్ళు మార్చినా ఎర్రగానే ఆరేవి.

దొరికేవన్నీ బెల్లం రంగు రాళ్ళు.
వాటి ముందు ఎవరూ ఆగరు.
మూకుట్లో పెట్టి, మూతేసి, బొగ్గుల మధ్య
పొద్దుట్నించి చీకటిదాకా కాలిస్తే
కొన్ని నీలమవుతాయి,
యక్‌లోమ్ సరస్సు నడిమధ్య
అడుగు తెలియనిచోట ఉండే నీలం.
కొన్ని పగులుతాయి.
కొన్ని మొండికేసి అలాగే ఉంటాయి.
కొలిమి దగ్గర చిన్నాన్న ఫల్లీ
ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఒక ఏడు పన్నెండు నీలంగా వచ్చాయి.
సానపట్టించి, అన్నిట్నీ ఒకే కాగితంలో మడిచి
జేబులో వేసుకుని నాన్న మోటారుసైకిలెక్కాడు.
దారంతా గుంతలే.
బాన్‌లుంగ్‌లో, చాంతబురి బేరగాడి ముందు విప్పితే
అంచులన్నీ ఎలక కొరికినట్టు తెల్లగా!
ఎవరూ కొట్టలేదు, కింద పడలేదు,
తమలో తామే ఒరుసుకున్నాయి.
సగం ధర.
ఆ సగాన్ని పంచుకునేచోట
నాన్నా చిన్నాన్నా ఒక మాట అనుకున్నారు.
తర్వాత ఏడేళ్ళు
ఒకే చూరు కింద, మాటల్లేవు.

అందుకే చెప్తున్నా.
ఇది గట్టిదే, కానీ పెళుసు. రెండూ వేరు.
గిన్నెలు తోమేటప్పుడు ఉంగరం తీసెయ్యండి.
గోరువెచ్చని నీళ్ళు, రవ్వంత సబ్బు, మెత్తని గుడ్డ చాలు.
దుకాణంవాళ్ళ బుడబుడల మిషన్లో వెయ్యనివ్వకండి.
ఎండ పడే కిటికీలో వదిలేశారంటే
కొన్ని తమ పాత బెల్లం రంగు తలచుకుంటాయి.

ఇదిగో భూతద్దం. లోపలికి చూడండి.
అడుగు అంచులు రెండేసి కనిపిస్తున్నాయా?
మొదటిసారి చూసి నాన్న
తన కళ్ళు పోయాయనుకున్నాడు.
కాదు. లోపలికొచ్చిన వెలుగుని
ఇది రెండుగా పంచుతుంది,
పేచీ లేకుండా.

ఆ డబ్బాలోదా? అది అమ్మను.
ఎనిమిదో ఏట ఒక సాయంత్రం
చిన్నాన్న తెచ్చి నాన్న అరచేతిలో పెట్టాడు,
విడిగా కాగితంలో చుట్టి, ఏమీ అనకుండా.
కాల్చని రాయి.
నీలమవుతుందో, పగులుతుందో.
నాన్న కాల్చలేదు.
నేనూ కాల్చలేదు.
గొప్ప కారణమేం లేదు,
నిప్పుని అడగాలనిపించలేదు.

సరే, మీకు ఆ నీలంవి రెండూ ఇవ్వమంటారా?
ఉండండి,
ఇంకో కాగితం తెస్తాను.