ముప్పై రెండు మిల్లీమీటర్లు

కుతాయిసీలో లిఫ్టు లేని ఐదంతస్తుల మేడ.
పక్కనే రియోనీ నది, పగలూ రాత్రీ హోరు.
పై అంతస్తు లమారా బకెట్టు మాత్రం
రాత్రి రెండింటికి గానీ నిండదు.

పాత పైపు ముక్క కోసి
నా చేతిలో పెట్టాడు ముర్మాన్.
పైకి చూస్తే అంగుళం.
లోపల తుప్పు పొరలు పొరలుగా పేరుకుని
నా చిటికెన వేలు సగంలోనే ఆగిపోయింది.

పెద్దది వేసేద్దాం, అన్నాను.
కొత్త ఇంజనీరుని. పోయేది మునిసిపాలిటీ డబ్బు.
అతను నవ్వలేదు.
"వెడల్పు ఎక్కువైతే నీళ్ళు బద్ధకిస్తాయి.
వేణ్ణీళ్ళు మూడో అంతస్తు దగ్గరే చల్లారిపోయి
నాలుగో అంతస్తులో సబ్బు నురగతో నిలబడ్డవాడిచేత
తిట్లు తింటాయి.
ఇరుకైతే అరుస్తాయి, గోడల్ని గుద్దుతాయి.
సగం వ్యాసమంటే సగం నీళ్ళు కాదమ్మాయ్,
దారి పావు వంతు.
రాపిడి సంగతి నీ పుస్తకంలో చూసుకో."

పుస్తకంలో ఉంది. లేనిది
తలుపు తట్టి అడగాలి:
ఎవరు ఎప్పుడు కుళాయి తిప్పుతారు?
అందరూ ఒక్కసారే తిప్పరు.
ఆ నమ్మకం మీదే
ఇన్ని మేడలు నీళ్ళు తాగుతున్నాయి.

రొట్టెల బట్టీ గోచా: తెల్లవారుజామున నాలుగు.
కవలల తల్లి ఖతూనా: వేళా పాళా లేదు.
రెండో అంతస్తు మొగుడూ పెళ్ళాలకి మాటల్లేవు,
ఒకే సింకులో
ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కుంటారు. రెండుసార్లు రాసుకున్నాను.
లమారా: "వచ్చినప్పుడు."
ఆ మాట రాసి, కొట్టేసి
ఉదయం ఏడు అని వేశాను.

లెక్క తేలింది.
అడుగున నలభై, రెండో అంతస్తు దాటాక ముప్పై రెండు,
లమారా గుమ్మం ముందు ఇరవై.
నవంబరు మొదటి సోమవారం
ఆవిడ వంటింట్లో ఏడింటికి
కెటిల్ నిండింది.

వారం తిరక్కుండా కబురు పంపింది.
"నీళ్ళకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి.
గోడే నోరు మూసుకుంది.
నాలుగింటికి గోచా కుళాయి తిప్పితే
నా తల దగ్గర పైపు ఈల వేసేది.
లేచాడు, మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే కాదు,
అనుకునేదాన్ని."

వేగం, పీడనం, నష్టం.
నా పట్టికలో ఈలకి గడి లేదు.

ముర్మాన్ రెంచి తుడుస్తూ విన్నాడు.
"నాలుగో అంతస్తులో ఒక క్లాంపు వదులు చెయ్యనా?
చిన్నగా మోగుతుంది."
వద్దన్నాను, నిబంధన చెప్పాను.
సరేనన్నాడు గానీ
సాయంత్రం అతని సంచీ మేడ మెట్ల మీద కనిపించింది.

నేను పైకి వెళ్ళి చూడలేదు.